ఏడో ఏటి బియ్యం

తిరుపతి, ఎం.ఆర్.పల్లి
16 జూన్ 2024

అక్కకు మోహన నమస్కారాలు.

నీ ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవికి పెట్టిన మిషను ఫోనెత్తగానే ఈల వేస్తుందని బావ చెప్పాడు. నేను ఇక్కడ అరవడం, నువ్వు అక్కడ ‘ఆఁ? ఆఁ?’ అనడం, మధ్యలో మన సంగతులన్నీ సత్యవేడులో మీ వీధికి తెలియడం నాకు ఇష్టం లేదు. అందుకని హాస్టల్లో ఉన్నప్పుడు రాసినట్టు ఉత్తరాలే రాస్తాను. జవాబు నువ్వే రాయి. బావ చేత రాయిస్తే ఆయన సగం మింగేస్తాడు.

ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. మా ఇంట్లో నేను దీపం పెట్టడం మానేసి నాలుగు నెలలైంది. ఇంకెవరో చెప్పగా నువ్వు వినకూడదని రాస్తున్నాను.

మొదట్లో అది కోపమే. మన సుకుమార్ పోయిన రోజు ఆస్పత్రి వరండాలో ఎవరో పెద్దాయన వచ్చి ‘అంతా ఆయన లీలమ్మా’ అన్నాడు చూడు, ఆ మాట ఇప్పటికీ నాలో ముల్లులా ఉంది. నీకున్న ఒక్క బిడ్డను, ఇరవై ఎనిమిదేళ్ళ వాణ్ణి, మధ్యాహ్నం షిఫ్టుకని శ్రీ సిటీకి బండి మీద పోతున్నవాణ్ణి తీసుకుపోవడం లీల అయితే, ఆ ఆట ఆడేవాడికి నేను హారతి పట్టలేను అనుకున్నాను. కొన్ని నెలలకు కోపం తగ్గింది. తగ్గాక చూస్తే అక్కడ ఎవరూ లేరక్కా. కోప్పడడానికి కూడా ఎవరూ లేరు. అది ఇంకా చికాకుగా ఉంది.

పెళ్ళైనప్పటి నుంచి నేను రాస్తున్న మొక్కుల నోటుబుక్కు నీకు తెలుసు కదా. మన రెండిళ్ళలో ఎవరు ఏం మొక్కుకున్నా అందులో ఎక్కించడం నా అలవాటు. ఒకరోజు దాన్ని మొదటి నుంచి చదివాను. తీర్చిన మొక్కుల్లో జరగని పనులున్నాయి. తీర్చడం మరిచిపోయినవాటిలో చక్కగా జరిగినవి ఉన్నాయి. ఒక వరస లేదు, పద్ధతి లేదు. వంటింట్లో నేను ఇంత అడ్డదిడ్డంగా పని చేసి ఉంటే మా అత్త నన్ను ఇంట్లో ఉంచేది కాదు.

మా ఆయన సంగతి చెప్పేదేముంది, పటాల షాపు మనిషి. ‘నేను పొద్దున్నే ఎనభై మంది వెంకటేశ్వరస్వాములకు దుమ్ము తుడస్తా ఉండా, నీకు ఒక్కాయన ముందర వత్తి ఎలిగించేదానికి చేతులు రాలేదా?’ అన్నాడు. నేను బుద్ధుడి గురించి చదువుతున్నానని తెలిశాక ఇంకోటి అన్నాడు. ‘బుద్ధుడూ మన షాపులో ఉండాడు మే. హాల్లో పెట్టుకుంటే మంచిదని కొనుక్కోని పోతా ఉండారు. నీకు ఒకటి తెచ్చిస్తాలే, ఈ గొడవ ఇడిసిపెట్టు.’ నవ్వాలో ఏడవాలో తెలియక పోపు మాడ్చాను.

కొర్లగుంటలో ధనంజయ గారని రిటైరైన సోషల్ సారు ఉన్నారు. ఆదివారం పొద్దున వాళ్ళ మిద్దె మీద రేకుల గదిలో పదిహేను మందిమి కూర్చుంటాం. గోడకు బుద్ధుడి పటం, పక్కన అంబేద్కర్ పటం. గంటసేపు కళ్ళు మూసుకుని ఊపిరి గమనించడం, ఐదు శీలాలు చెప్పుకోవడం, తర్వాత టీ. అక్కడ ఎవరూ నాకు ఏదీ ఇస్తానని చెప్పలేదు. అది నచ్చింది. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది అని మొదలు పెడతారు. యాభై ఏళ్ళలో నాతో ఇంత సూటిగా మాట మొదలు పెట్టినవాళ్ళు లేరు.

అయితే కుదురుతోందా అంటే లేదు. కాళ్ళు పట్టేస్తాయి. ఊపిరి చూడమంటే గ్యాసు సిలిండరు ఏ తారీకున మార్చానో గుర్తొస్తుంది. పోయిన వారం ఏం చేశానో తెలుసా? బుద్ధుడి ముందు నాలుగు మల్లెపూలు పెట్టి ‘మా అక్కకు షుగరు తగ్గించు స్వామీ’ అని అడిగాను. అడిగాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇందుకా నేను అంత దూరం పోయింది?

షుగరు అంటే గుర్తొచ్చింది. నువ్వు నెల రోజులుగా ఒంటిపూట తింటున్నావని బావ చెప్పాడు. మాత్రలు వేసుకుంటూ ఒంటిపూట ఏమిటక్కా? ఎవరి కోసం? జవాబులో ముందు అది రాయి.

నీ చెల్లెలు
మోహన

&nbsp;

ఓం నమో వేంకటేశాయ

సత్యవేడు
2 జూలై 2024

మోహనకు అక్క తిరుమలమ్మ దీవించి రాసేది.

నీ జాబు మూడుసార్లు చదివినా. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది, మూడోసారి నవ్వొచ్చింది. తిరపతిలో ఇల్లు పెట్టుకోని, ఆయన పటాలమ్మిన అన్నం తింటా, ఆయన లేడంటావా? మీ ఆయన మునిశేఖర్ నిన్ను ఇంట్లో పెట్టుకోని వేగతా ఉండాడే, అట్లయితే వాడే దేవుడు.

ఆ సారు వాళ్ళు ఏమిటోళ్ళు అని అడిగితే నీకు కోపమొస్తాది. పటాల సంగతి నువ్వే రాసినావు కాబట్టి ఇంగ అడగాల్సిన పని లేదు. వాళ్ళకు ఆ దావ ఎందుకు కావాల్సొచ్చిందో నాకు తెలుసు. మనోళ్ళు వాళ్ళను గుడి గడప తొక్కనీలేదు, వాళ్ళు వేరే గడప వెతుక్కున్నారు. నిన్ను ఎవురు రానీలేదు? నీకేం తక్కువైంది?

ఒంటిపూట సంగతి చెప్తా. మే నెల్లో మా ఊరికి అంజనం వేసే ఆయన వచ్చినాడు. నేనేమీ చెప్పకముందే ‘ఈ ఇంట్లో బిడ్డ పేరు మీది మొక్కు ఒకటి సగంలో నిలిచిపోయుండాది, అదే బిడ్డను తీసుకోనిపోయింది’ అన్నాడు. అప్పుడి నుంచి నాకు కూడు దిగడంలేదు. ఏం మొక్కు నిలిచిపోయింది? నాకు గుర్తు రాలేదు. నా మతిమరుపు నా బిడ్డను తినేసింది గదా మోహనా. అది ఏదో తెలిసేదాకా ఒంటిపూటే తింటా. పెరటాసి నెల మొదటి శనివారం కొండకు నడిచిపోయి మోకాళ్ళ మెట్టు మోకాళ్ళతోనే ఎక్కతానని మొక్కుకోనుండా.

నువ్వు దేవుణ్ణి నమ్మకపోతే పోనీ. నోటుబుక్కు ఉండాది గదా, దాన్ని చూసి రాయి. సుకుమార్ పేరు మీద ఏముండాయో అన్నీ రాయి. ఒక్కటీ ఇడిసిపెట్టొద్దు.

అక్క

&nbsp;

తిరుపతి
14 జూలై 2024

అక్కకు,

నోటుబుక్కు తీశాను. సుకుమార్ పేరు మీద ఉన్నవి నాలుగే. పుట్టువెంట్రుకలు కొండ మీద తీయించడం, అది తీరింది. వాడి నాలుగో ఏట జ్వరంతో ఫిట్సు వచ్చినప్పుడు నువ్వు మొక్కుకున్న ఏడేళ్ళ పెరటాసి బియ్యం. పదో తరగతి పాసైతే నడిచి కొండెక్కడం, ఎక్కాడు. ఉద్యోగం వస్తే అంగప్రదక్షిణ, అదీ వాడే చేశాడు. నాలుగింటికీ ఎదురుగా టిక్కు ఉంది. ఏదీ మిగలలేదు. అంజనం ఆయన అబద్ధాలకోరు. బిడ్డ పోయిన ఇంటికి వచ్చి ‘మొక్కు మిగిలింది’ అంటే ఎవరికైనా ఏదో ఒకటి గుర్తొస్తుంది. రెండు పూటలా అన్నం తిను.

పోనీ మిగిలిందే అనుకుందాం. ఒక ముసలామె మరిచిపోయిన మొక్కుకు ఇరవై ఏళ్ళు ఆగి, ఆమె బిడ్డను లారీ కిందకు తోసేవాణ్ణి నువ్వు ఇంట్లోకి రానిస్తావా? మన వీధిలో అలాంటి మనిషి ఉంటే పోలీసులకు చెప్పేదానివి.

ఆదివారం మాకు చెప్పేది ఇది: ఏదీ ఊరికే జరగదు, ఎవరో పైన కూర్చుని జరిపించరు. ఒకటి ఉంటే దాని వల్ల ఇంకొకటి వస్తుంది. మలుపులో టైరు పగిలిన లారీ ఆపుకున్నారు. వెనక గుర్తుకు ఒక చెట్టుకొమ్మ కూడా పెట్టలేదు. వాన తుంపర పడుతోంది. షిఫ్టుకు ఆలస్యమైందని వాడు వేగంగా పోయాడు. ఆ పూట వాడికి ఒంట్లో ఎలా ఉందో, నిద్ర చాలిందో లేదో మనకు తెలియదు. ఇవీ కారణాలు. వీటిలో నీ మొక్కు ఎక్కడుందో చూపించు. నువ్వు ఏ తప్పూ చేయలేదని ఇంతకంటే సూటిగా నాకు చెప్పడం రాదు.

‘నిన్ను ఎవురు రానీలేదు’ అన్నావు. ఆ మాట నన్ను రెండు రోజులు కుదురుగా ఉండనీయలేదు. నిజమే, నన్నెవరూ ఆపలేదు. మొన్న టీ తాగిన గ్లాసు నేనే కడిగి పెట్టబోతే ధనంజయ సారు భార్య ‘మీకెందుకమ్మా’ అని లాక్కుంది. నేను కడిగితే ఆమెకు ఇబ్బంది, ఆమె కడిగితే నాకు సిగ్గు. ఇద్దరం ఒక గ్లాసు పట్టుకుని నిలబడ్డాం. అక్కడ కూడా ఏదీ సులభంగా లేదు. ఐదు శీలాల్లో నాలుగోది అబద్ధమాడనని చెప్పేది. మిగతా నాలుగూ గడగడా చెప్పేస్తాను. దాని దగ్గర మాత్రం పెదవులు కదిపి ఊరుకుంటాను.

సంవత్సరీకానికి రెండు రోజులు ముందే వస్తాను. వంట పనంతా నాకు వదిలెయ్యి.

మోహన

&nbsp;

ఓం నమో వేంకటేశాయ

సత్యవేడు
20 ఆగస్టు 2024

మోహనకు,

సంవత్సరీకానికి వచ్చినావు. నలభై మందికి ఒక్కదానివే వంట చేసినావు. వడలు బాగుండాయని అందరూ చెప్పినారు. అంతా బాగానే ఉండింది. బిడ్డ పటానికి మొక్కమంటే మాత్రం చేతులు కట్టుకోని స్తంభం మాదిరి నిలబడినావు. వాడి పటం, మోహనా. దేవుడిది కూడా కాదు. నువ్వు ఎత్తుకోని తిప్పిన బిడ్డ.

మా ఆడబిడ్డ అక్కమ్మ నన్ను పక్కకు పిలిచి ‘ఏం వదినా, మీ చెల్లెలు మతం మారిందంట గదా, ఏ చర్చికి పోతా ఉండాది?’ అనింది. చర్చి కాదు, బుద్ధుడు అన్నా. ‘అయితే గుండు కొట్టిచ్చుకుంటాదా?’ అనింది. తిరపతి మనిషికి గుండు కొత్తా అన్నా. అందరి ముందర నిన్ను ఇడిసిపెట్టలేదులే. నిన్ను తిట్టేదానికి నేనుండా, వాళ్ళెందుకు?

నువ్వు పోయిన మూడో దినం నేను బాయి కాడ పడిపోయినా. షుగరు బాగా దిగిపోయిందంట. మీ బావ భయపడి నోట్లో చక్కెర పోసినాడు, సగం ముక్కులోకి పోయింది. ఆడ పడుకోని ఉండంగా నాకు ఒకటి తెలిసింది. నోటుబుక్కులో టిక్కుంటే చాల్దు.

ఏడేళ్ళ బియ్యం మొక్కు నాది. పెరటాసి శనివారం తడిబట్టతో, మొగాన నామం పెట్టుకోని, చెంబెత్తుకోని, ‘గోవిందా’ అని ఏడిళ్ళ గడపల ముందర నిలబడాల. ఎంత ఉన్నోళ్ళయినా ఆ పూట అడుక్కోవాల్సిందే. ఆ అడిగిన బియ్యంతోనే వండి తళిగ వేసి ఆయనకు నైవేద్యం పెట్టాల. ఆరేండ్లు నేనే తిరిగినా. ఏడో ఏడు, 2005లో, నాకు గర్భసంచి ఆపరేషన్ చేసి మీ ఊరి ఆస్పత్రిలో పండబెట్టినారు. నా బదులు నువ్వు ఎత్తినావు. వేరే చేత్తో ఎత్తిన బియ్యాన్ని ఆయన ఒప్పుకోలేదు. నా బిడ్డ కోసం నేను లేసి ఏడిళ్ళు నడవలేకపోయినా. పడుకోనుండా. అదే తప్పు.

నీ మీద ఏమీ లేదు. నువ్వు చేయాల్సింది నువ్వు చేసినావు. ఆ పొద్దు నువ్వు తెచ్చిన పొంగలి నేను ఆస్పత్రిలో ఏడస్తా తిన్నా, నాకు గుర్తుండాది. తప్పంతా నాదే. ఒంటిపూట కూడా మానేసి, మెట్టు ఎక్కేదాకా పాలతోనే ఉంటా.

అక్క

&nbsp;

తిరుపతి
27 ఆగస్టు 2024

అక్కకు,

పాలతో ఉండొద్దు. ఇది మొదటి మాట, చివరి మాట. నేను డాక్టరును అడిగాను. షుగరు మాత్రలు వేసుకునే మనిషి ఉపవాసం ఉండకూడదు, మోకాళ్ళతో మెట్లు అసలు ఎక్కకూడదు అన్నాడు. అతను కూడా బొట్టు పెట్టుకునే మనిషే, నా బాపతు కాదు. బావకు కూడా ఫోన్ చేసి చెప్పాను. ఆయన ‘మీ అక్క నా మాట వింటాదా?’ అని పెట్టేశాడు.

పటం విషయంలో నువ్వు అన్నది న్యాయమే. నాకు చేతులు లేవలేదు. ఎందుకు లేవలేదో రాయడం మొదలు పెట్టి రెండు కాగితాలు చింపాను.

ధనంజయ సారును ఒకటి అడిగాను. ఎవరూ అడగని విషయం చెప్పకుండా ఉంటే అది అబద్ధం కిందకు వస్తుందా అని. ఆయన మొక్కలకు నీళ్ళు పోస్తూ ‘అంత దూరం నాకు తెలీదమ్మా, నేను సోషల్ సార్ని’ అన్నారు. తర్వాత పైపు కింద పెట్టి ‘అడిగితే చెప్తారా మీరు?’ అన్నారు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. ప్రతి దానికీ ఎదురు ప్రశ్న వేస్తారు. ఇంటికొచ్చి ఆ కోపం గిన్నెల మీద చూపించాను. మా ఆయన హాల్లోంచి ‘ధ్యానం బాగా పని చేస్తా ఉండాదే’ అన్నాడు.

నీ తప్పు ఏదీ లేదక్కా. ఇప్పటికి ఇంతే రాయగలను. అన్నం తిను.

మోహన

&nbsp;

తిరుపతి
12 సెప్టెంబరు 2024

అక్కా,

కూర్చుని చదువు. బావ పక్కన ఉంటే లోపలికి పోయి చదువు.

2005 పెరటాసిలో నేను ఏడిళ్ళు తిరగలేదు. ఒక్క ఇంటికే పోయాను.

అప్పటికి మేం ఎం.ఆర్.పల్లికి మారి నెల కూడా కాలేదు. వీధిలో ఒక్కరూ తెలియదు. మన ఊళ్ళో అయితే చెంబెత్తుకుని పోతే ఎదురొచ్చి కాళ్ళు కడిగి బియ్యం పోస్తారు. ఇక్కడ తడిచీరతో, ముఖాన ఇంత నామంతో గేటు దాటగానే నాకు సిగ్గు ముంచుకొచ్చింది. మొదటి ఇంటి వాళ్ళు ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చినవాళ్ళు. మన పద్ధతి వాళ్ళకు తెలియదు. నేను ‘గోవిందా’ అన్నాను. ఆమె కిటికీలోంచి చూసి ‘ఇంకా వండలేదు, తర్వాత రా’ అంది. తర్వాత లోపల ఎవరితోనో ‘చూస్తే బాగానే ఉంది, పని చేసుకోవచ్చు కదా’ అనడం వినపడింది.

నేను వెనక్కి వచ్చేశాను. తలుపు గడియ పెట్టాను. అడిగి తెచ్చిన బియ్యం ఎప్పుడూ ఒకే రకంగా ఉండదు కదా, ఏ ఇంటి బియ్యం ఆ రంగులో ఉంటుంది. అందుకని మా అన్నం బియ్యం, ఇడ్లీకి పెట్టిన ఉప్పుడు బియ్యం, దోసె బియ్యం తీసి ఏడు పిడికిళ్ళు లెక్కపెట్టి చెంబులో పోసి కలిపాను. చూసేవాళ్ళకు ఏడిళ్ళవి అనిపించాలని. మా ఆయనకు కూడా తెలియదు. దాంతోనే వండి తళిగ వేశాను. పొంగలి నీకు తెచ్చాను. నువ్వు కళ్ళకద్దుకుని తింటుంటే నేను మంచం పక్కన నిలబడి చూశాను. ఇంటికొచ్చి నోటుబుక్కులో టిక్కు పెట్టాను. నేను ఏ పని చేసినా పద్ధతిగా చేస్తానని నువ్వు అందరికీ చెబుతావు. ఇదీ అంత పద్ధతిగానే చేశాను.

జూలైలో నువ్వు అడిగినప్పుడు ఏదీ మిగలలేదని రాశాను. అంజనం ఆయన్ని అబద్ధాలకోరు అన్నాను. అబద్ధం నాది.

ఇప్పుడు నా తిక్క చూడు. నేను దేవుణ్ణి నమ్మనని చెబుతున్నాను. నమ్మనిదానికి ఆ ఏడు పిడికిళ్ళు ఒక లెక్కా? కాకూడదు. మరి రాయడానికి రెండు నెలలు ఎందుకు పట్టింది? సుకుమార్ పోయిన రోజు ఆ వరండాలో నాకు మొదట గుర్తొచ్చింది నీ ముఖం కాదు, వాడి ముఖం కాదు. చెంబులో ఆ మూడు రకాల బియ్యం. నేనేనా అనిపించింది. ఆ తర్వాతే దేవుడు లేడనుకోవడం మొదలు పెట్టాను. ఆయన ఉంటే నేను ఎలా బతకాలి? నోటుబుక్కు చదివి, ఆలోచించి, వరస లేదని తేల్చుకున్నానని నీకు రాశాను. అదంతా తర్వాతి సంగతి. ముందు భయం. ఆదివారం ఆ గదిలో కళ్ళు మూసుకుంటే ఊపిరి కనపడదక్కా, ఇదే కనపడుతుంది. నాకు వచ్చింది జ్ఞానమో, పారిపోవడమో నాకే తెలియదు. విసుగొస్తోంది. దేవుడి ముందు కూర్చున్నా నేనే, బుద్ధుడి ముందు కూర్చున్నా నేనే.

ఒకటి మాత్రం తెలుసు. నువ్వు నమ్మే పద్ధతి ప్రకారం చూసినా తప్పు నీది కాదు. నువ్వు ఆస్పత్రిలో పడుకోవడం తప్పు కాదు. నన్ను నమ్మి ఒక పని అప్పగించావు, నేను చేయలేదు. మోకాళ్ళతో ఎవరైనా ఎక్కాలంటే నేను ఎక్కాలి. నేను ఎక్కను, ఎందుకంటే నాకు నమ్మకం లేదు. నువ్వూ ఎక్కొద్దు, ఎందుకంటే నీ తప్పు లేదు.

నన్ను ఏమైనా అను. అన్నం తిను.

మోహన

&nbsp;

తిరుపతి
20 అక్టోబరు 2024

అక్కకు,

పెరటాసి అయిపోయింది. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. బావ ఫోన్ ఎత్తితే ‘బాగానే ఉండాది, తింటా ఉండాది’ అని పెట్టేస్తాడు. నువ్వు కొండకు పోలేదని మాత్రం చెప్పాడు. పోస్టుమాన్ రెండుసార్లు మా గేటు ముందు ఆగాడు, రెండుసార్లూ కరెంటు ఆఫీసు కాగితాలే. మొన్న మా ఆయన కూర్చోబెట్టి ‘ఏమైందో చెప్పు’ అంటే ఆయనకూ అంతా చెప్పేశాను. ఆయన లేచి గేటు గడియ పెట్టి వచ్చాడు. తర్వాత ‘ఆ కిటికీ ఆమె ఇప్పుడు మన షాపులోనే పటాలు కొంటాది’ అన్నాడు. అంతే అన్నాడు.

ఈ ఉత్తరానికి జవాబు అక్కర్లేదని రాద్దామనుకున్నాను. కానీ అది అబద్ధం అవుతుంది. కావాలి.

మోహన

&nbsp;

ఓం నమో వేంకటేశాయ

సత్యవేడు
18 నవంబరు 2024

మోహనకు,

నీ జాబు వచ్చి రెండు నెల్లు దాటింది. తీరిక లేక రాయకుండా ఉన్నానని అనుకోవద్దు. అప్పుడే రాసినా. ‘నా బిడ్డను నువ్వే చంపినావు’ అని ఒక్క ముక్క రాసి, కవరు అతికిచ్చి, పోస్టులో ఎయ్యమని మీ బావకిచ్చినా. పొద్దున అడిగితే మరిచిపోయినా అన్నాడు, మాపిటికి అడిగితే మరిచిపోయినా అన్నాడు. వారం తర్వాత అడిగితే ‘బస్సులో యాడో పడిపోయిందే’ అన్నాడు. పెళ్ళయినప్పుడి నుంచి ఆ మనిషి చేసిన మంచి పని అదొక్కటే.

ఒక నిజం చెప్తా. నీ జాబు చదివిన పొద్దు నేను రెండు ముద్దలు సంగటి తిన్నా. ఇంగొకటి పెట్టించుకోని తిన్నా. తప్పు నా మీద నుంచి లేసి నీ మీదికి పోయేసరికి ఆకలేసింది. ఏడాది మీద మొదటిసారి ఆకలేసింది. మూడు రకాల బియ్యం కలిపినావా పాపిష్టిదానా, అనుకుంటా తిన్నా. తప్పు దానిదైతే నా మోకాళ్ళెందుకు అరగాల అని మెట్టు మొక్కు కూడా మానుకున్నా. నలభై దినాలు నిన్ను తిట్టుకుంటా బాగా నిద్రపోయినా.

తర్వాత అది అయిపోయింది. నీ మీద ఎంత ఎత్తి పెట్టినా నిలవడంలేదు, జారి మళ్ళా నా దగ్గరికే వస్తా ఉండాది. ఎందుకంటే నేనూ ఒకటి దాచినా. నీకు చెప్పలేదు, మీ బావకు చెప్పలేదు, అంజనం ఆయనకు చెప్పలేదు.

ఆ పొద్దు సుకుమార్ ‘తల తిరగతా ఉండాదిమా, ఈ పూట పోను’ అని పడుకున్నాడు. ఆ నెల్లో అప్పుడికే రెండు సెలవులు పెట్టుండాడు. మళ్ళా పెడితే సూపర్వైజరు అరస్తాడని నేనే లేపినా. ‘లెయ్ నాయనా, ఈ పూటకి పొయ్యిరా, రేపు పడుకుందువు’ అన్నా. లేసినాడు. మజ్జిగన్నం పెట్టినా. దాంతోనే ఆలస్యమైంది. ఆలస్యమైందని తొందరగా పోయినాడు. గేటు కాడ వెనక్కి తిరిగి ‘రేపు లేపితే చూడు’ అన్నాడు.

జూలైలో నువ్వు ఏం రాసినావో తెలుసా? కారణాలు. ఒకటి ఉంటే ఇంగొకటి వస్తాదని. ఆ పూట వాడికి ఒంట్లో ఎట్లుండిందో మనకు తెలీదని. నాకు తెలుసు మోహనా. నువ్వు నన్ను ఓదార్చాలని రాసినావు. ఆ కాగితం మడిచి మీ బావ కంట పడకుండా దాచినా. మొక్కు మిగిలుంటే దానికి ఒక దావుంటాది. పస్తు ఉండొచ్చు, మెట్లెక్కొచ్చు. కారణం నేనైతే యాడికెక్కేది? అందుకే ఆ అంజనం మాట గట్టిగా పట్టుకున్నా. నిజమనిపించి కాదు, అదే నయమనిపించి.

కాబట్టి నా దేవుణ్ణి ఇడిసిపెట్టమని నాకు ఇంగోసారి రాయొద్దు. నాకు తిట్టేదానికి ఒకడుండాల. మీ బుద్ధుణ్ణి తిడితే ‘నేనేమన్నా ఇస్తానంటినా?’ అంటాడు. మా కొండమీది ఆయన అట్ల తప్పించుకోలేడు. నువ్వు మాత్రం ఆ గదికి పోవద్దని నేను చెప్పను. ఆడ కళ్ళు మూసుకుంటే బియ్యం కనపడతాదన్నావు. ఈడ నేను కళ్ళు మూసుకుంటే గేటు కనపడతాది. నాకు దాన్ని చూసే ధైర్యం లేదు, నీకు ఉన్నట్టుండాది. చూస్తే ఏమైతాదో నాకు చెప్పు.

రెండు పూటలా తింటా ఉండా. షుగరు నూటా అరవై. ఇది రాసినాక మీ బావకు కూడా చెప్పాల. ఎట్ల చెప్పాలో తెలీక పొద్దుటి నుంచి ఆయన చొక్కాలన్నీ ఉతికినా. నువ్వు పక్కనుంటే చెప్తా.

నీ మీద కోపం పోలేదు. పోయినాక రమ్మని రాద్దామని ఇన్నాళ్ళూ చూసినా. అది ఎప్పుడికి పోతాదో నాకే తెలీదు. ఉండంగానే రా.

అక్క